ఘనానికీ ద్రవానికీ మధ్య

గోదావరి డెల్టాలో నాట్లకు ముందు పొలాన్ని దమ్ము చేయడం మనందరం ఎరిగినదే. నీరు పెట్టిన మడిలో నాగలి గాని, ట్రాక్టరు గాని పలుమార్లు తిరిగేసరికి, అంతవరకు కాలు మోపితే నిలిచిన నేల జావవలె కదులుతుంది. పని ఆపి ఒకటి రెండు రోజులు తేరనిస్తే అదే బురద మరల చిక్కబడి నారుమొక్క వేరును పట్టి నిలుపుతుంది. కాచినదీ లేదు, చల్లార్చినదీ లేదు. మన్ను అదే, నీరు అదే. కదిపినప్పుడు పారింది, మానినప్పుడు నిలిచింది.

పదార్థానికి ఘన, ద్రవ, వాయు స్థితులు మూడున్నవని, వేడిచేస్తే ఒకటి మరొకటిగా మారుతుందని పాఠశాలలో చదువుకున్నాము. ఆ పట్టికలో దమ్ముమన్నును ఏ గడిలో కూర్చోబెట్టాలి? ఇది పిల్లల ప్రశ్న అని తోసిపుచ్చవలసినది కాదు. 1977లో నోబెల్ బహుమానం పొందిన ఫిలిప్ ఆండర్సన్, ఘనస్థితి సిద్ధాంతంలో మిగిలిన సమస్యలన్నిటిలోను లోతైనది బహుశా గాజు స్వభావమేనని 1995లో అభిప్రాయపడ్డాడు. గాజు, దమ్ముమన్ను, ఇసుక ఒకే కుటుంబంలోనివని ఈ వ్యాసంలో చూపదలచాము. ఈ కుటుంబాన్ని లెక్కలలో అనుకరించి పరిశీలించే విద్యకు పునాదులు వేసినవారిలో ఒకరు హైదరాబాదులో జన్మించినవారు. ఆయన పేరు మన విద్యార్థులలో పలువురు విని ఉండరు. వ్యాసం వ్రాయడానికి అది కూడ ఒక కారణం.

ముందుగా ఘనమంటే ఏమిటో తేల్చుకుందాము. గట్టిగా ఉండేది ఘనమనడం చాలదు. సూది తీసిన సిరంజిలో నీరు నింపి, కొనను వేలితో మూసి నొక్కి చూడండి. నీరు రాయివలె ఎదిరిస్తుంది. నొక్కుడును ద్రవం కూడ ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది పక్కకు జరిపే బలాన్ని. బల్లమీద లావైన పుస్తకాన్ని ఉంచి, పై అట్టమీద అరచేయి పెట్టి పక్కకు నెట్టితే కాగితాలు ఒకదానిమీద ఒకటి కొంచెం కొంచెం జారి పుస్తకం ఏటవాలుగా ఒరుగుతుంది. ఇట్లా పొరమీద పొరను జరిపే బలాన్ని మన గ్రంథాలలో విరూపణ బలమన్నారు. ఈ బలానికి ఎంత స్వల్పమైనదానికైనా లొంగి పారేది ద్రవం. కొంతమేరకు ఎదురు నిలిచేది ఘనం. కనుక ఒక వస్తువు ఘనమా కాదా అన్నది చూసి చెప్పగలిగిన విషయం కాదు. పక్కకు నెట్టితేనే తెలుస్తుంది.

స్ఫటికాలు ఎందుకు ఎదురు నిలుస్తాయో చెప్పడం సులభం. ఉప్పుకల్లులోను, పటికబెల్లంలోను కణాలు వరుసలు తీరి, ఒక్కొక్కటి తన స్థానంలో ఉంటాయి. వరుస చెదరడానికి బలం కావాలి. చిక్కంతా గాజుతో వచ్చింది. గాజు లోపలి కణాల అమరికను పరిశీలిస్తే వరుస లేదు, తీరు లేదు. ఒకానొక క్షణంలో ద్రవాన్ని ఉన్నదున్నట్టు ఆపివేసి పటం తీసినట్టుంటుంది. అయినా అది కిటికీలో కదలక నిలుస్తున్నది. పాతకాలపు భవనాలలో కిటికీ అద్దాలు శతాబ్దాల తరబడి కిందికి పారి అడుగున మందమెక్కాయని ఒక కథ కొన్ని పుస్తకాలలో కూడ చేరింది. అది నిజం కాదు. నాటి అద్దాలు తయారీలోనే ఎగుడుదిగుడుగా వచ్చేవి. అన్నట్టు, మన సీసా అన్న మాట పారశీక, ఉర్దూ భాషలలో గాజుకు పేరైన శీశాయే. ఈ సంచికను రెండు భాషలలో చదివేవారికి ఆ చుట్టరికం వేరే చెప్పనక్కరలేదు.

గాజు కావడానికి ఇసుక కరిగించే కొలిమే అవసరం లేదు. పంచదార పాకాన్ని మెల్లగా ఆరనిస్తే పటికబెల్లం కడుతుంది, అది స్ఫటికం. అదే పంచదారను కరిగించి, తిరిగే పళ్ళెం చిల్లులలోనుండి గాలిలోకి చిమ్మితే, వరుస తీరడానికి వ్యవధి లేక దారాలుగా బిగుసుకుపోతుంది. తిరునాళ్ళలో అమ్మే పీచుమిఠాయి గాజుదారాల ఉండ అన్నమాట. మన ప్రాంతంలో వర్షాకాలపు గాలికి అది నిమిషాలలో కుంగి జిగురుముద్ద కావడానికి కూడ ఇదే కారణం: తేమ తగిలిన చక్కెరగాజు తక్కువ వేడికే మెత్తబడుతుంది. ద్రవం చల్లబడేకొద్దీ చిక్కబడుతుంది గదా. ఆ చిక్కదనాన్ని, అనగా స్నిగ్ధతను కొలిచి, అది మామూలు నీటి స్నిగ్ధతకు ఒకటి పక్కన పదిహేను సున్నాల రెట్లు అయినచోట గాజు పరివర్తన జరిగినదని శాస్త్రజ్ఞులు వాడుకగా లెక్కిస్తారు. ఇక్కడ గమనించవలసినది, ఈ గీత మనం గీసుకున్నదే. నీరు గడ్డకట్టినట్టు ఒకానొక ఉష్ణోగ్రత దగ్గర గాజులో ఖచ్చితంగా ఏదీ మారినట్టు కనబడదు. మారిందా, లేక మన ఓపిక చాలనంత మెల్లగా పారుతున్నదా అన్నది నేటికీ వివాదమే.

ఇక గింజల సంగతి. కుంచంలో ధాన్యం మెల్లగా జారవిడిచి నింపడానికి, కుదిపి నింపడానికి ఎంత తేడా ఉన్నదో కొలిచేవానికి, కొలిపించుకునేవానికి కూడ తెలుసు. ఎన్ని తగవులు ఆ తేడాలో నుండి పుట్టలేదు! సమానమైన గుండ్లను పాత్రలో పోసి కుదిపితే అవి పాత్ర ఘనపరిమాణంలో నూటికి 64 పాళ్ళదాకా ఆక్రమిస్తాయి. బజారులో బత్తాయిలు పేర్చినట్టు వరుస తీర్చి పేర్చితే 74 పాళ్ళు. అంతకు మించి సాధ్యం కాదని 1611లో కెప్లర్ ఊహించాడు. థామస్ హేల్స్ నిరూపణ ప్రకటించింది 1998లో. వరుసలేని కుప్ప 64 దగ్గర ఎందుకు ఆగిపోతుంది? బ్రిటిషు శాస్త్రజ్ఞుడు బెర్నాల్ 1960 ప్రాంతంలో ఉక్కు గుండ్లను సంచిలో నింపి, ఒక్కొక్క గుండు ఎన్నిటిని తాకుతున్నదో చేత్తో లెక్కించి ఈ ప్రశ్నతో కుస్తీ పట్టాడు. ద్రవంలోని కణాల అమరిక తెలియాలంటే గుండ్ల సంచిని చూడాలన్నది ఆయన ఆలోచన. అది మాకు ఇప్పటికీ అందమైన ఆలోచనగానే తోస్తున్నది.

ఎన్నిటిని తాకాలి అన్నదానికి గణితం చెప్పే జవాబు డిగ్రీ విద్యార్థికి అందేదే. బల్లమీద రాపిడి లేని బిళ్ళలు వెయ్యి ఉన్నవనుకోండి. ఒక్కొక్కటి కదలకుండా ఉండాలంటే దానిమీది బలాలు అడ్డంగాను, నిలువుగాను సరితూగాలి. బిళ్ళకు రెండు సమీకరణాల చొప్పున రెండువేలు. తెలియని రాశులు తాకుడుచోట్ల బలాలు. సగటున ఒక్కొక్క బిళ్ళ నాలుగింటిని తాకితే తాకుడుచోట్లు వెయ్యిని నాలుగుతో హెచ్చించి రెండుతో భాగించినన్ని, అనగా రెండువేలు. ప్రతి తాకుడును ఇద్దరు పంచుకుంటారు గనుక. సమీకరణాలెన్నో తెలియని రాశులన్ని. నాలుగుకంటె తక్కువైతే గుంపు నిలువదు. బల్లమీద గాక పాత్రలోనైతే ఈ సంఖ్య ఆరు. వంతెన దూలాల లెక్కకోసం మాక్స్‌వెల్ 1864లో చేసిన ఈ గణింపే ఇసుకకుప్పకు కూడ వర్తిస్తున్నది. ఒకే సైజు బిళ్ళలు వరుస తీరిపోతాయి గనుక, అట్లా కాకుండా పెద్దవీ చిన్నవీ కలిపి కంప్యూటరులో దట్టం చేస్తూ పోతే, బల్ల వైశాల్యంలో నూటికి 84 పాళ్ళు నిండినచోట, అంతవరకు ఎటు నెట్టినా జరిగిన గుంపు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. దీనినే జామింగ్ అంటున్నారు. మేము బిగింపు అని వ్యవహరిస్తాము. 1998లో ఆండ్రియా లియు, సిడ్నీ నాగెల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సాహసమైన ప్రతిపాదన చేశారు: చల్లార్చడం, దట్టం చేయడం, పక్కకు నెట్టడం ఆపడం, ఈ మూడూ ఒకే బిగింపునకు మూడు దారులని. పీచుమిఠాయి మొదటి దారిన, కుంచంలో ధాన్యం రెండవ దారిన, దమ్ముమన్ను మూడవ దారిన నడిచినవి.

ఈ లెక్కలు చేతితో చేయగలిగినవి కావు. కంప్యూటరుతో కణాల గుంపును అనుకరించే పద్ధతి గురించి ఇప్పుడు చెప్పాలి. గట్టి గుండ్లతో ఇటువంటి అనుకరణను 1957లో అమెరికాలో ఆల్డర్, వెయిన్‌రైట్ ప్రారంభించారు. అయితే ఆ గుండ్లు ఢీకొన్నప్పుడు తప్ప ఒకదానినొకటి పట్టించుకోవు. నిజమైన పరమాణువులు దూరాన ఆకర్షించుకుంటాయి, దగ్గరైతే వికర్షించుకుంటాయి. అటువంటి బలాలతో నిజద్రవాన్ని మొదటిసారి కంప్యూటరులో నడిపించిన వ్యక్తి అనీసుర్ రహ్మాన్. 1927లో హైదరాబాదులో జన్మించి, కేంబ్రిడ్జిలో గణిత, భౌతికశాస్త్రాలు చదివి, బెల్జియంలోని లూవెన్‌లో డాక్టరేటు పొందారు. 1960లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరి పాతికేళ్ళు అక్కడ పనిచేశారు. 1964లో వెలువడిన ఆయన వ్యాసంలో ఉన్నవి 864 ఆర్గాన్ పరమాణువులు మాత్రమే. ప్రతి పరమాణువుమీద మిగిలినవాటి బలాన్ని కట్టడం, న్యూటన్ రెండవ సూత్రం ప్రకారం దానిని లవలేశం కాలం ముందుకు జరపడం, మరల బలం కట్టడం: ఇంతే విధానం. ఇంటర్మీడియట్ చదివిన ప్రతివారికీ తెలిసిన సూత్రం. ఆ లెక్కలో వచ్చిన ద్రవం నిజమైన ఆర్గాన్‌తో సరిపోలింది.

అప్పటివరకు శాస్త్రంలో సిద్ధాంతం, ప్రయోగం అని రెండే ద్వారాలుండేవి. రహ్మాన్ పనితో మూడవది తెరుచుకున్నదని మా అభిప్రాయం. 1971లో స్టిల్లింగర్‌తో కలిసి ఆయన నీటిని అనుకరించారు. 1980లో పరినెల్లోతో కలిసి, బలం తగిలినప్పుడు కణాలున్న పెట్టె కూడ తన ఆకారాన్ని మార్చుకొనే పద్ధతిని కనిపెట్టారు. బలానికి లొంగి పెట్టె ఒరగగలగడం మన విషయానికి ఎంత దగ్గరదో చెప్పనక్కరలేదు. ఆయన 1987లో మరణించారు. గణనభౌతికశాస్త్రంలో కృషికి అమెరికా భౌతికశాస్త్ర సంఘం ఇచ్చే పురస్కారం ఆయన పేరుమీదనే ఉన్నది. ఆయన పుట్టిన రాష్ట్రపు పాఠ్యగ్రంథాలలో ఆ పేరుకు మరికొంత చోటుంటే బాగుండేది.

పెట్టెలో వెయ్యి కణాలే ఉంటే చాలా కణాలు గోడలకు ఆనుకొని ఉంటాయి గదా, అది నిజవస్తువు ఎట్లా అవుతుందని తెలివైన విద్యార్థి అడుగుతాడు. అందుకు గోడలనే తీసివేస్తారు. కుడివైపు వెలుపలికి పోయిన కణం ఎడమవైపునుండి లోపలికి వస్తుంది. గదికి నలువైపులా అదే గది ప్రతిబింబాలున్నట్టు. పక్కకు నెట్టాలంటే పై వరుస ప్రతిబింబాలను ఒకవైపు, కింది వరుసను మరొకవైపు కొద్దికొద్దిగా జరుపుతారు. ఈ యుక్తిని 1972లో లీస్, ఎడ్వర్డ్స్ చెప్పారు. ఇక ప్రతి అడుగుకు వస్తువు ఎంత ఎదిరిస్తున్నదో కొలుచుకోవడమే.

ఇట్లా నెట్టిచూసినప్పుడు బయటపడిన సంగతులలో కొన్ని మాకు ఆశ్చర్యం కలిగించాయి. మొదటిది, గాజు ఒక్కచోట ఒక్కసారిగా లొంగదు. ఇక్కడ నాలుగు కణాలు, అక్కడ పది కణాలు చటుక్కున చోటు మారుస్తాయి. ఎదిరింపు కొంచెం పడిపోతుంది, మరల పెరుగుతుంది. రెండవది, ఎట్లా తయారైనదో అట్లా విరుగుతుంది. తొందరగా చల్లార్చిన గాజు మెల్లగా సాగి లొంగితే, చాలాకాలం నిదానంగా చల్లార్చినది ఎక్కువ బలానికి ఓర్చి, ఓర్చినంతసేపూ ఏ సూచనా ఇవ్వక, హఠాత్తుగా ఒక పలుచని పట్టె వెంబడి జారిపోతుంది. రెంటి అమరికనూ పక్కపక్కన పటాలుగా పెడితే కంటికి తేడా తెలియదు.

మూడవ సంగతి మన దేశంలో తేలింది. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్రపరిశోధన కేంద్రంలో శ్రీకాంత్ శాస్త్రి బృందం గాజును ఒకవైపే నెట్టకుండా, ముందుకు వెనుకకు ఊయలవలె ఊపి చూసింది. 2017లో వారు ప్రకటించినది ఇది: ఊపు ఒక హద్దులోపల ఉంటే, ఊపినకొద్దీ గాజు మరింత కుదురుకుంటుంది. వారి నమూనాలో ఆ హద్దు, పెట్టె ఎత్తులో నూటికి ఏడెనిమిది వంతులు పక్కకు జరిపేటంతటిది. అది దాటిందో, ఎంత ఊపినా కుదురుకోదు. కణాలు చోట్లు మారుస్తూనే ఉంటాయి. దమ్ముచక్రం తిరిగే మడికి, లారీల అదురుకు నానాటికీ గట్టిపడే రోడ్డుకు మధ్య భేదం ఇటువంటిదే. అంతకుముందు 2014లో శాస్త్రి, ఫియొక్కో, ఫోఫీ మరొక విచిత్రాన్ని చూపారు. ఒక కొలతలో పలుమార్లు ఊపిన గాజును తరువాత చిన్న ఊపునుండి పెద్ద ఊపుదాకా పరీక్షిస్తే, సరిగ్గా ఆ పాత కొలత దగ్గర అది మారకుండా ఉంటుంది. తన్ను ఎవరు ఎంత ఊపారో గాజుకు జ్ఞాపకమున్నదన్నమాట. హైదరాబాదు శివార్లలో గోపన్‌పల్లి దగ్గరనున్న టాటా మౌలిక పరిశోధనా సంస్థలో స్మరజిత్ కర్మాకర్, సహచరులు కూడ ఇదే శాఖలో పనిచేస్తున్నారు. ద్రవం గాజుకు దగ్గరయ్యేకొద్దీ దానిలో ఎంత దూరంలోని కణాలు ఒకదాని కదలికకు ఒకటి కట్టుబడతాయన్నది వారు పట్టుకున్న ప్రశ్న. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరగల ఊళ్ళో ఈ పరిశోధన జరుగుతున్నది.

నెట్టుడు బిగింపును విప్పుతుందని ఇంతవరకు చెప్పాము. విప్పడమే కాదు, బిగించను కూడ బిగిస్తుంది. అంతర్వేదిలోనో, పేరుపాలెంలోనో సముద్రపు ఒడ్డున తడి ఇసుకమీద నడిచినవారు అడుగు చుట్టూ ఇసుక క్షణకాలం పొడిబారడం చూసే ఉంటారు. నీరు ఎక్కడికి పోయింది? దట్టంగా సర్దుకొన్న గింజలు పక్కకు జరగాలంటే ఒకదానిమీదికి ఒకటి ఎక్కాలి. ఎక్కితే మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోకి పైనున్న నీరు దిగుతుంది. 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ ఇచ్చిన వివరణ ఇది. వ్యాకోచించడానికి చోటు లేకపోతే గింజలు ఒకదానినొకటి మరింత ఒత్తుకొని నేల గట్టిపడుతుంది. పోసినట్టుగా వదులుగా ఉన్న ఇసుకలో కథ తిరగబడుతుంది. నెట్టితే గింజలు కిందికి కుంగి మధ్య నీటిని పిండుతాయి; బయటికి పోవడానికి వ్యవధి లేని నీరు గింజలను ఎత్తిపట్టి, తాకుడుచోట్లు తెగి, నేల ద్రవమవుతుంది. 2001 జనవరిలో గుజరాతు భూకంపంలో కచ్ఛ ప్రాంతపు నేలలు ఇట్లా పారినవి. ఒకే ఇసుక, ఒకే కుదుపు. ఎంత దట్టంగా ఉన్నదన్న ఒక్క తేడా వలన ఒకచోట బిగుసుకొని, మరొకచోట కరుగుతున్నది.

ఇది డెల్టావాసులు ఆలోచించవలసిన విషయం. మన కాళ్ళకింద ఉన్నది రాయి కాదు, నది తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్ట కూడ నది ఇసుకను నమ్ముకొని నిలిచినదే. 1969 ఏప్రిల్‌లో ఇదే గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గర భూమి కంపించింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ఏటిగట్లు తెగినప్పుడు లంకలు, ఊళ్ళు మునిగిన సంగతి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. గట్టు తెగడానికి కారణాలు అనేకం. నీరు పొర్లడం ఒకటి, అడుగున ఊట పుట్టి మన్ను కొట్టుకుపోవడం ఒకటి, నానిన మట్టి పట్టు సడలి ఒక ముక్కగా జారడం ఒకటి. ఈ మూడవది మాత్రమే మన విషయానికి చెందినది. వెయ్యి బిళ్ళల లెక్క ఏటిగట్టు ఎప్పుడు తెగుతుందో చెబుతుందని మేము అనడం లేదు, అనేవారిని నమ్మవద్దు. గట్టులో బంకమట్టి, ఇసుక, నీరు, వేళ్ళు, ఎలుక బొరియలు అన్నీ ఉంటాయి. కాని పైకి ఒకేలాగ కనబడే రెండు గట్లలో ఒకటి ముందుగా బీటలిచ్చి హెచ్చరించడం, మరొకటి చెప్పకుండా జారడం ఎందుకు సాధ్యమో ఆ లెక్కలో స్పష్టంగా చూడవచ్చు. మట్టిని పొరలుపొరలుగా పోసి దిమ్మిస కొట్టాలని ఇంజనీర్లు పట్టుబట్టడం ఎందుకో కూడ అక్కడే తెలుస్తుంది.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మాట మనవి చేస్తాము. భౌతికశాస్త్రంలో కొత్త పరికరం కావాలంటే వ్యయం చూసి వెనుకాడవలసి రావడం సహజం. ఈ శాఖకు కావలసినది సాధారణమైన కంప్యూటరు ఒకటి, తీరిక, శ్రద్ధ. 1964లో రహ్మాన్ వాడినది నాటి పెద్ద యంత్రాలలో ఒకటి. నేడు విద్యార్థి జేబులోని ఫోను దానికంటె ఎన్నో రెట్లు వేగంగా లెక్క కడుతుంది. గణితశాఖ, భౌతికశాస్త్రశాఖ కలిసి వారానికి రెండు సాయంత్రాలు కంప్యూటరు గదిని తెరిచి ఉంచితే, పెద్ద విశ్వవిద్యాలయాల విద్యార్థులు చేసే అభ్యాసాన్నే మన పిల్లలూ చేయగలరు.

ఆసక్తిగల విద్యార్థులు ఈ విధంగా మొదలుపెట్టవచ్చు. రెండువందల బిళ్ళలు తీసుకోండి. సగం చిన్నవి, సగం వాటికి ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువ వ్యాసం గలవి. రెండు బిళ్ళలు ఒకదానిలోకి ఒకటి చొరబడితే, చొరబడినంత మేరకు స్ప్రింగువలె నెట్టుకుంటాయనుకోండి. తాకకపోతే బలం సున్న. అన్నిటినీ చెల్లాచెదురుగా చల్లి, ప్రతి బిళ్ళను దానిమీది బలం దిశలో కొద్దికొద్దిగా జరుపుతూ అన్నీ కుదుటపడనివ్వండి. తరువాత పెట్టెను వెయ్యింట ఒక వంతు పక్కకు ఒరిపి మరల కుదుటపరచండి. వికృతిని అడ్డంగా, ప్రతిబలాన్ని నిలువుగా గుర్తించి గ్రాఫు గీయండి. బిళ్ళలు 84 పాళ్ళకు బాగా దిగువన నిండి ఉంటే గీత నేలబారుగా పోతుంది. పైన ఉంటే ఎక్కి, రంపపు పళ్ళవలె పడుతూ లేస్తూ, ఒక ఎత్తు దగ్గర నిలదొక్కుకుంటుంది. ఒక్కొక్క పన్ను దగ్గర ఆపి, ఆ క్షణంలో ఏ బిళ్ళలు చోటు మారాయో రంగు వేసి చూడండి. అవి ముందుగా ఎక్కడ కదలబోతున్నవో నిశ్చలమైన పటం చూసి చెప్పడానికి ప్రపంచంలో ఎందరో నేటికీ ప్రయత్నిస్తూనే ఉన్నారు.